సిస్టరమ్మ వాకిట్లో మా కుక్క

తెలంగాణ సమ్మె మొదలై బడులు మూతబడిన నాలుగో రోజున, మా కుక్క రోజూ పొద్దున ఎక్కడికి పోతున్నదో నాకు తెలిసింది.

అప్పటిదాకా వాడు ఎక్కడికీ పోడనే అనుకున్నాను. నేను ఎల్దుర్తి బడిలో టీచర్ని. మెదక్‌లో ఎనిమిదింపావు బస్సెక్కితే మళ్ళీ సాయంత్రం ఐదున్నరకు దిగేదాన్ని. నేను పోయేటప్పుడు వాడు వరండాలో గోనెపట్టా మీద పడుకొని ఉండేవాడు. వచ్చేసరికి గేటు ఊచల మధ్య నుంచి మూతి బయటపెట్టి నిలబడి ఉండేవాడు. మధ్యలో తొమ్మిది గంటలూ ఆ పట్టా మీదే నా కోసం ఎదురుచూస్తాడని నమ్మాను. బడిలో అన్నం డబ్బా మూత తీసినప్పుడల్లా, పాపం ఒక్కడే ఉన్నాడే అని ప్రాణం ఉసూరుమనేది.

వాడు మా ఇంటికి వచ్చింది మా మరిది వల్ల. హైదరాబాదులో కొత్తగా కంప్యూటర్ ఉద్యోగం, చేతినిండా జీతం. ఆ ఊపులో టెర్రియర్ జాతి పిల్లను కొన్నాడు. ఏడాది తిరిగేలోగా, ఆ మొరుగుడు భరించలేమని అపార్ట్‌మెంటు వాళ్ళు గొడవ పెట్టారు. ఒక సెలవురోజు కారులో తెచ్చి మా వరండాలో దించి, "వదినా, నీ దగ్గరైతే మంచిగుంటడు" అన్నాడు. ఐదారు కిలోల జీవి. వీపు నలుపు, కాళ్ళు గోధుమరంగు. వెంట్రుక కొబ్బరిపీచులా గరుకు. మూతి కింద గడ్డం. మా వాడలో మొదట చూసినవాళ్ళు "గిదేంది, మేకపిల్లనా?" అని అడిగారు. అప్పటికి మా ఊళ్ళో జాతికుక్క అంటే తెల్లటి పమేరియనే.

మా అమ్మాయి ఇంటర్ చదువుకు హాస్టల్‌కు పోయిన ఏడు అది. ఆ అమ్మాయి మీద పెట్టే చాదస్తమంతా నేను వాడి మీద పెట్టాను. వారానికి రెండుసార్లు దువ్వాలి, లేకపోతే ఆ వెంట్రుక ఉండలు కడుతుంది. ఆదివారం మందు షాంపూతో స్నానం. చెవుల్లో చుక్కలు. వేళ్ళ సందుల్లో గోమార్లు దాక్కుంటాయి, వాటిని ఒక్కొక్కటే తీసి కిరోసిన్ గిన్నెలో వేయాలి. చిన్న మూతి కుక్కలకు పళ్ళు తొందరగా పాడవుతాయని పశువుల డాక్టరు చెప్తే, పిల్లల బ్రష్షు కొని వాడి పళ్ళు తోమేదాన్ని. పొద్దున ఉడకబెట్టిన గుడ్డు, రాత్రి పెరుగన్నం. మట్టిలోకి పోనిచ్చేదాన్ని కాదు. పెరట్లో మల్లెచెట్టు మొదట్లో తవ్వబోతే ఒక్క అరుపు అరిచేదాన్ని, వాడు చెవులు వాల్చేసేవాడు. "బంగారం" అని పిలిచేదాన్ని.

నేను కుళ్ళుబోతు మనిషినని నాకు చిన్నప్పటి నుంచే తెలుసు. మా చెల్లెలి జడ మీద కుళ్ళు. బడిలో తోటి టీచరు బోర్డు మీద రాసే గుండ్రటి అక్షరాల మీద కుళ్ళు. మా అమ్మాయి ఫోనులో హాస్టల్ వార్డెన్ చేసే పులిహోర గురించి రెండుసార్లు చెబితే, మూడోసారి నేను ఫోను మా ఆయనకిచ్చాను. కానీ కుక్క విషయంలో నాకు ఆ బాధ లేదనుకున్నాను. వాడు నావాడు, అంతే.

ఆ నాలుగో రోజు, సమ్మె శిబిరంలో పదకొండింటికే తలనొప్పి మొదలైంది. మొదటి మూడు రోజులూ పొద్దున పోతే సాయంత్రమే ఇల్లు చేరాను. టెంటు కింద పాటలు, ఉపన్యాసాలు, ఆడవాళ్ళమంతా కలిసి రోడ్డు మీద బతుకమ్మ ఆట. ఆ రోజు మాత్రం ఎండ దెబ్బకు పన్నెండింటికే వచ్చేశాను. వరండాలో పట్టా ఖాళీగా ఉంది. మంచం కింద చూశాను, పెరట్లో చూశాను. "బంగారం, బంగారం" అని వీధిలోకి వచ్చి పిలిచాను. అప్పుడు వినపడింది వాడి మొరుగు. నేను ఎప్పుడూ వినని మొరుగు అది. గొంతు పగిలేంత సంతోషంతో మొరుగుతున్నాడు.

ఎదురింటి నుంచి వస్తున్నది ఆ మొరుగు. ఆ ఇంట్లో సిస్టరమ్మ ఒక్కతే ఉండేది. దవాఖానలో ముప్ఫై ఏళ్ళు కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. సగం వాడ ఆమె చేతుల మీద పుట్టినవాళ్ళే. టేక్మాల్ దగ్గర ఆమె తమ్ముడికి పొలం ఉంది, ఏటా బియ్యం సంచులు పంపేవాడు. వాటిని ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకునేది. మాకు ఆమెతో పెద్దగా రాకపోకలు లేవు. క్రిస్మస్‌కు కేకు పంపేది, దసరాకు మేము గారెలు పంపేవాళ్ళం.

గేటు తీసుకొని వెనక్కి పోయాను. షెడ్డు ముందు సిస్టరమ్మ కొంగు నడుముకు చెక్కుకొని, చేతిలో కట్టె పట్టుకొని నిలబడి ఉంది. వాడు ఒక బొరియలో భుజాల దాకా దూరి, వెనక కాళ్ళతో మట్టి ఎగజిమ్ముతున్నాడు.

"ఆడనే ఉన్నది పోరడా! ఇడువకు, ఇడువకు!" అంటున్నదామె.

వాడు వెనక్కి జరిగి బయటికొచ్చాడు. నోట్లో ఇంత లావు ఎలుక. మెడ ఒక్కసారి అటూ ఇటూ విదిలించాడు, అది చచ్చింది. దాన్ని తీసుకుపోయి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. కళ్ళ దాకా మట్టి. నేను తోమిన పళ్ళ మీద నెత్తురు. తోక నిలబెట్టి, ఒళ్ళంతా వణుకుతూ ఆమె మొహంలోకి చూశాడు.

"శాబాష్ పోరడా" అని ఆమె వాడి నెత్తి మీద తట్టింది.

నన్ను అప్పుడు చూసింది. "అయ్యో, రాండ్రి టీచరమ్మా! జల్ది వచ్చిండ్రే ఇయ్యాల?"

"మా కుక్క ఇక్కడికి ఎప్పటిసంది వస్తుంది?" అని అడిగాను.

ఆమె జర తికమకపడింది. "ఎప్పటిసంది అంటే... రెండేండ్లాయె గద. సారు చెప్పలేదా? పదింటికి సారు దుకాణం పోతుంటే గేటు తీస్తడు, వీడు సీదా ఈడికే ఉరికొస్తడు. సాయంత్రం కాళ్ళు తుడిచి నేనే పంపిస్త."

వాడిని చంకలో పెట్టుకొని ఇంటికి తెచ్చాను. దారిపొడుగునా నా భుజం మీద నుంచి వెనక్కే చూశాడు. రెండేళ్ళుగా సాయంత్రం ఇంటికొచ్చి, ఎంత శుభ్రంగా ఉన్నాడో చూడు అని మురిసిపోయాను. ఆ శుభ్రం నాది కాదు, ఆమె చేతి తువ్వాలుది.

మా ఆయనది కోర్టు దగ్గర జిరాక్స్ దుకాణం. ఒకప్పుడు ఎస్టీడీ బూతు, సెల్‌ఫోన్లు వచ్చాక జిరాక్సు, తర్వాత పక్కనే రెండు ఇంటర్నెట్ కంప్యూటర్లు. ఆయనకు ఏ మార్పూ కష్టమనిపించదు. నేను నిలదీస్తే నవ్వాడు.

"ఒక్కడు ఇంట్ల పరేషాన్ అయితుంటే పంపిన. అందులేముంది?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం జేస్తవో నాకు తెలువదా?"

మర్నాటి నుంచి వాడిని వరండా స్తంభానికి గొలుసుతో కట్టేశాను. బడి లేదు, శిబిరానికి ఒంట్లో బాగాలేదని చెప్పాను, రోజంతా నేనే ఉన్నాను. నేను తోడుంటే సరిపోతుందనుకున్నాను. రబ్బరు బంతి వేశాను, చూడలేదు. పొద్దుటి గుడ్డు సాయంత్రం దాకా అట్లాగే ఉంది. పది కొట్టేసరికి లేచి నిలబడి, గొలుసు బిగిసేదాకా ముందుకు పోయి, ఎదురింటి వైపు చూసి సన్నగా ఏడ్చేవాడు. సెలవు రోజుల్లో అట్లా ఏడిస్తే ఇన్నాళ్ళూ గారమనుకున్నాను. ఆ ఏడుపు నా చెవుల్లో పడుతుంటే జాలి రావాలి. నాకు మంట వచ్చింది. నేను ఐదడుగుల దూరంలో కూర్చొని ఉంటే ఆమె కోసం ఏడుస్తాడా అని.

మూడో రోజు సిస్టరమ్మ గేటు దగ్గరికొచ్చింది.

"పోరడు మంచిగున్నడా టీచరమ్మా? కనవడుతలేడు..."

"వాడికి మట్టి పడదు. చర్మం చెడిపోతుంది. డాక్టరు వద్దన్నడు" అన్నాను. డాక్టరు ఏమీ అనలేదు.

"అట్లనా. మరి జర ఆడుకుంటె..."

"ఎలుకలు మురికివి సిస్టరమ్మా. నర్సు చేసిండ్రు, మీకు తెలువదా?"

ఆమె మొహం చిన్నబోయింది. వాడు ఆమె గొంతు విని గొలుసు తెంపుకునేంతగా గుంజుతున్నాడు. ఆమె వాడి వైపు చూడకుండానే తిరిగి పోయింది. చూడకపోవడం నాకోసమేనని అప్పుడు కూడా నాకు తెలుసు.

వాడు అక్కడికి పోయేది ఎలుకల కోసమే, ఆమె కోసం కాదు. ఆ మాట నాకు నేనే చెప్పుకొని గట్టిగా పట్టుకున్నాను. ఎలుకలు లేకపోతే అక్కడేముంది? ఒక ముసలామె, నాలుగు బియ్యం సంచులు. ఆ శనివారం సగం షట్టరు దించిన కిరాణా కొట్టులో ఎలుకల మందు అడిగి తెచ్చాను. నీలంరంగు బిళ్ళలు. "నాలుగు దినాలల్ల సాఫ్ అయితయి మేడం" అన్నాడు కొట్టతను. ఆదివారం పొద్దున సిస్టరమ్మ చర్చికి పోయింది. ఆరాధన అయ్యి వచ్చేసరికి పన్నెండు దాటుతుంది. మా ఆయన నిద్ర లేవకముందే నేను వీధి దాటి, ఆమె గేటు తీసి, వెనక షెడ్డులోకి పోయాను. కుక్కకు అందకూడదని బిళ్ళలు గోడ మీద, రేకుల కింద సందులో పెట్టాను. అంత జాగ్రత్త తీసుకున్నాను కాబట్టి నేను చేసేది తప్పు కాదనుకున్నాను. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను.

బుధవారం వాడి గొలుసు విప్పేశాను. "పో, నీ ఇష్టం" అన్నాను. బాణంలా పోయాడు. మా ఆయన నన్ను వింతగా చూసి, "మంచిపని చేసినవ్" అన్నాడు. సిస్టరమ్మ గేటు దగ్గర నిలబడి నాకు చేయి ఊపింది. నేనూ ఊపాను.

నేను అనుకున్నట్టే జరిగింది. రెండు రోజులు మురిసిపోతూ పోయి సాయంత్రం దాకా ఉన్నాడు. మూడో రోజు మధ్యాహ్నానికే వచ్చేశాడు. ఆదివారం ఊరికే ఇట్లా పోయి అట్లా తిరిగొచ్చి, నా కుర్చీ కింద నా పాదాల మీద తల పెట్టి పడుకున్నాడు. ఎప్పుడూ అట్లా పడుకోలేదు, నిమిషం కుదురుగా ఉండే జాతి కాదది. నేను కాలు కదపకుండా గంటసేపు కూర్చున్నాను. గెలిచాననుకున్నాను. ఆ గంట నా జీవితంలో ఎంత సంతోషంగా గడిచిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

సోమవారం పొద్దున పళ్ళు తోముతుంటే బ్రష్షంతా ఎర్రబడింది. పెదవి పైకెత్తి చూశాను. చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, పళ్ళ మొదట్లో నెత్తురు ఊరుతున్నది. నిలబెడితే కాళ్ళు మడతపడ్డాయి. నా మీద ప్రేమ కొద్దీ పడుకున్నాడనుకున్నదంతా నీరసం.

ఆ రోజు బంద్. ఆటోలు లేవు. మా ఆయన రాస్తారోకో కోసం మిత్రులతో తెల్లవారే రామాయంపేట పోయాడు. పశువుల దవాఖానకు తాళం. డాక్టరుకు ఫోను చేస్తే, "సమ్మెల ఉన్న గానీ, జీవం గదమ్మా, ఇంటికి తీసుకరాండ్రి" అన్నాడు. ఆయన కిరాయికుండే ఇల్లు మా వాడకు మైలు దూరం. వాడిని దుప్పట్లో చుట్టుకొని గేటు దాటుతుంటే సిస్టరమ్మ చూసింది.

"ఏమైంది పోరడికి?"

సమాధానం చెప్పకముందే చెప్పులేసుకొని వచ్చేసింది. ఖాళీ రోడ్డు మీద ఇద్దరం గబగబా నడిచాం. సగం దూరంలో నా చేతులు గుంజుతుంటే, అడగకుండానే వాడిని తీసుకుంది. ఆమె చేతుల్లోకి పోగానే వాడు కళ్ళు తెరిచాడు. అంత భయంలోనూ అది నాకు కనపడింది, కలుక్కుమంది.

డాక్టరు అరుగు మీద పడుకోబెట్టి చూశాడు. చిగుళ్ళు నొక్కాడు, పొట్ట తడిమాడు.

"ఎలుకల మందు ఏమన్న తిన్నదా?"

నేను వాడి దుప్పటి సర్దాను.

"మందు తిన్న ఎలుకను తిన్నా గిట్లనే అయితది" అన్నాడు ఆయన. "నెత్తురు గడ్డకట్టదు. ఏమైందో సక్కగ చెప్తేనే నేను సూది రాస్త. ఊరికె అందాజ మీద ఇయ్యరాదు."

"మా షెడ్డుల ఎలుకలు పడుతడు సార్" అంది సిస్టరమ్మ. "పెద్దయి కాళ్ళకాడ పెడుతడు గానీ, చిన్నయి తినేస్తడు. కానీ మందు లేదు సార్. వీడు వస్తడని నేను రెండేండ్లసంది మందే పెట్టలే. దేవుని మీద ఆన, నా ఇంట్ల మందు లేదు."

ఆమె కుడిచేయి గుండె మీద పెట్టుకొని ఆ మాటంది. డాక్టరు ఆమెను నమ్మాడు, వేరే ఏ జబ్బు కావచ్చోనని ఆలోచనలో పడ్డాడు.

"ఉన్నది" అన్నాను. "నేను పెట్టిన."

ఇద్దరూ నా వైపు చూశారు.

"నేనే పెట్టిన సార్. ఆమె చర్చికి పోయినప్పుడు, షెడ్డుల, గోడ మీద. నీలం బిళ్ళలు."

డాక్టరు చీటీ అందుకున్నాడు. "విటమిన్ కె కావాలె. అర్జెంటు. మెడికల్ షాపుల దొరుకుతది, కాన్పుల వార్డుల వాడేదే..."

"నాకు తెలుసు సార్" అని సిస్టరమ్మ లేచింది. ముప్ఫై ఏళ్ళు అప్పుడే పుట్టిన పిల్లల తొడలకు ఆమె ఇచ్చిన సూది అది. మూసిన షట్టరు తట్టి లేపి, ఆమె చేతుల మీద పుట్టిన షాపతన్ని పిలిచి, పావుగంటలో తెచ్చింది. డాక్టరు మోతాదు చెప్పాడు. సూది ఆమే వేసింది. నేను వాడి తల పట్టుకున్నాను.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మా గేటు దగ్గర ఆగింది.

"ఆ బియ్యం నేను తింటనని యాది రాలేదా మీకు?"

నిజంగా రాలేదు. ఆ మాటే చెప్పాను. ఆమె తలూపి పోయింది. ఆ మధ్యాహ్నం రేకుల సందులో మిగిలిన బిళ్ళలన్నీ తీసి, ఎలుకలు కొరికిన సంచులు రెండు బయటపడేసింది. నేను పోయి షెడ్డు ఊడ్చాను. వద్దనలేదు, కూర్చోమనలేదు.

రెండు పూటలా సూది వేయడానికి మా ఇంటికొచ్చేది. వాకిట్లో ఆమె చెప్పుల చప్పుడు కాగానే వాడి చెవులు లేచేవి. నేను రాత్రింబవళ్ళు చెంచాతో గంజి తాగిస్తుంటే లేవని చెవులు. నాలుగో రోజు సూదులు ఆపి మాత్రలు మొదలుపెట్టాం. వాడు లేచి గడప దాకా నడిచాడు. ఆమె మెట్టు మీద కూర్చుంది. నేను చాయ్ ఇచ్చాను. మొదటిసారి తీసుకుంది.

"ఎందుకు పెట్టిండ్రు?" అని అడిగింది.

"మీ దగ్గరికి రావద్దని" అన్నాను. "నేను ఇంత చేస్తున్న, మీకోసం ఏడుస్తుండు. ఓర్వలేకపోయిన."

ఆమె చాయ్ ఊదుకుంది.

"నా సంగతి చెప్తె నవ్వుతరు" అంది. "ఐదింటిదాకా నా కొంగు ఇడువడు. ఐదు దాటిందంటే చెవులు నిక్కుతయి. బస్సు ఇంకా చౌరస్తల ఉండంగనే, నా ఒళ్ళకెల్లి దుంకి పోతడు. ఒక్కనాడు, ఒక్కనాడన్న వెనక్కి తిరిగి చూడలే. నేను తలుపేసుకొని కూసుంటుంటి. ఆ టీచరమ్మ ఏం పెడుతదో వీనికి అనుకుంటుంటి. మీ బస్సు చెడిపోవాలె అని గూడ ప్రార్థన చేసిన, ఒకసారి."

నేను నవ్వలేదు. నాకు కలిగింది నవ్వు కాదు. వెనక్కి చూడకుండా వస్తాడన్న ఆ మాటను మళ్ళీ ఒకసారి చెప్పించుకోవాలనిపించింది.

సమ్మె ముగిసింది. పోయిన రోజులకు బదులు ఆదివారాలు, పండుగ సెలవులు కూడా బడి పెట్టారు. ఇంటిపట్టున ఉండే రోజే లేకుండా పోయింది. గేటు నేనే తీసి పంపేదాన్ని. ఆదివారం సిస్టరమ్మ చర్చి నుంచి వచ్చేదాకా మా ఆయన పెరట్లో మల్లెచెట్టు పక్కన తవ్వుకోనిచ్చేవాడు. మల్లెచెట్టు ఎండిపోయింది. నేను అరవలేదు. సాయంత్రాలు బస్సు దిగి వీధి మలుపు తిరుగుతూ, ఆమె గేటు వైపే చూసేదాన్ని, జబ్బు తర్వాత పరుగు తగ్గి అప్పుడే బయటపడుతున్న వాడు నిజంగా వెనక్కి చూడడా అని. చూడడు. ఒక్కోసారి ఆమె గేటులో నిలబడి ఉండేది. నేను కళ్ళు దించుకొని వాడిని ఎత్తుకునేదాన్ని. మా మధ్య స్నేహం కుదిరింది, కూరగిన్నెలు అటూ ఇటూ తిరిగాయి. ఆ కుళ్ళు మాత్రం ఇద్దరికీ పోలేదు. వాడు ఎవరింట్లో ఎక్కువ తిన్నాడో ఒకరినొకరం అడిగి తెలుసుకునేవాళ్ళం.

తెలంగాణ వచ్చిన ఆరో ఏడు వానాకాలానికి వాడు ముసలివాడయ్యాడు. కళ్ళలో పొర వచ్చింది. బొరియ ముందు పడుకొని వాసన మాత్రం చూసేవాడు. ఒక మధ్యాహ్నం నేను బడిలో ఉండగా సిస్టరమ్మ ఫోను చేసింది. నాకు బస్సు దొరికి ఇల్లు చేరేసరికి వాడికి స్నానం చేయించి, గడ్డం దువ్వి, తెల్ల తువ్వాలులో పెట్టింది. నిద్రలోనే పోయాడంది. ఆఖరి శ్వాస ఆమె చూసింది, నేను చూడలేదు. నా ఏడుపులో అది కూడా కలిసి ఉంది.

ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చింది. ఆమె షెడ్డు పక్కన మెత్తటి మట్టి, వాడు బతుకంతా తవ్విన మట్టి. అక్కడే న్యాయం. నేను మా పెరటి వైపు చూశాను. ఆమె నా మొహం చూసింది.

"నా వాకిట్ల పోయిండు గద" అంది. "మీ వాకిట్ల పండుకోనీయుండ్రి."

కాదనాల్సింది. కాదనలేదు. మా ఆయన గడ్డపార తెచ్చి మా పెరట్లో గొయ్యి తవ్వాడు. తువ్వాలు రెండు చివరలు ఆమె, రెండు చివరలు నేను పట్టుకొని దించాం. మట్టి పోశాక ఆమె వంగి చేత్తో చదును చేయబోయింది. "నేను చేస్త సిస్టరమ్మా" అన్నాను. ఆమె చేయి వెనక్కి తీసుకుంది.